పదిహేడు రంగుల గులాబీ

కడియంలో అంటు కట్టే మా వీరవేణి పదకొండేళ్ళకే ఒక్క గులాబీ మొక్కకి పదిహేడు రంగుల పువ్వులు పూయించింది. చూడ్డానికి జనం రైలెక్కి వచ్చారు. ఎనిమిదో తరగతిని నేనే వదిలేశాను గానీ లెక్కలు నాకు బాగానే వచ్చు, పదిహేడంటే పదిహేడే.

వేణి తల్లి సుబ్బాయమ్మ చంద్రరావుగారి నర్సరీలో మొక్కల కవర్లలో మట్టి నింపేది. ఆయనగారి అమ్మాయి భానుశ్రీది రాజమండ్రిలో ఇంగ్లీషు మీడియం. సెలవు రోజైతే మాత్రం పిల్లలిద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చునేవారు. అడివి గులాబీ కాడకి గాటు పెట్టి, రంగు గులాబీ నుంచి కోసిన చిగురు కన్ను అందులో దోపి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టడం వేణి నేర్పేది.

"అలా నలిపేస్తే కన్ను చచ్చిపోద్దే, మొద్దూ!"

"నువ్వే మొద్దు. నీ గోళ్ళ నిండా మట్టే!"

"అమ్మాయిగారూ అనవే!" అని సుబ్బాయమ్మ అరిచేది. వేణి వింటేగా!

భాను స్కూల్లో ఎగ్జిబిషనొచ్చింది. ఇద్దరూ కట్టిన ఆ పదిహేడు రంగుల మొక్కే పెడతామని, దానికి వేలాడే కార్డు మీద ఇద్దరి పేర్లూ రాస్తానని భాను ఒట్టేసింది. వారం రోజులు వేణికి వేరే మాట లేదు. "నా పేరు ఇంగ్లీషులో రాస్తదంటావా, తెలుగులోనా?" అని నా ప్రాణం తీసింది.

ఆ రోజు మా నాన్న మా ముగ్గురినీ తన ట్రాలీ ఆటో ఎక్కించాడు. కుండీ వేణి ఒళ్ళో ఉంది. స్కూల్లో బల్ల మీద పెట్టగానే టీచరమ్మ అడిగింది: "ఈ అమ్మాయెవరు?"

భాను కార్డు సగం మీద బొటనవేలు నొక్కిపెట్టింది. "మా నర్సరీలో పనమ్మాయి, మిస్. మొక్క దింపడానికొచ్చింది."

టీచరమ్మకి జడిసి అలా అందంతే, లేకపోతే వేలు తీసేదేనని నేనిప్పటికీ అంటాను.

వేణి చేతులు గౌనుకి తుడుచుకుంది. "అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళు గిల్లేస్తూ ఉండండి, అమ్మాయిగారూ. వదిలేస్తే అడివి మొక్కే మిగుల్తుంది."

ఎవరూ గిల్లలేదు. ప్రైజొచ్చిన మొక్క వానాకాలానికి ఒట్టి ముళ్ళకంపయింది. సుబ్బాయమ్మే పీకి పారేసింది.

ఇప్పుడు వేణి రోజుకి నాలుగు వందల అంట్లు కడుతుంది. నేను నాన్న ఆటోలో వాటిని లారీల దాకా తోలుతాను. మొన్న ఇదంతా రాసి తనకి వినిపించాను. చాకు ఆపకుండా విని, అంది:

"రంగులు రెండేరా. ఆ వేలి కింద నా పేరు లేదు. భాను కార్డు ఇంటి దగ్గరే మార్చేసింది. ఆటోలోనే చూశాను."