సముద్రం మీద బాపు ఇస్తారి

మస్కట్‌లో మా తమ్ముడు నన్ను పడవ ఎక్కించిన రోజు, నేను పొద్దున్నుంచీ వాడి మీద చిటపటలాడుతూనే ఉన్నాను. అక్కడ కాపురముంటున్న నా కూతురి పురుటి కోసం చొప్పదండి పక్కనున్న మా ఊరి నుంచి అక్కడికి వెళ్లి నెల దాటింది. మనవరాలి తొట్టెల పండుగ కూడా అయిపోయింది. ఇంత దూరం వచ్చినదానివి సముద్రం చూడకుండా పోతావా అని, శుక్రవారం సెలవు చూసుకుని తమ్ముడే టికెట్లు కొన్నాడు. తీరా పడవ కదిలాక వాడు సముద్రం వైపే చూడడు. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

చూడాల్సినవి లేక కాదు. కొండలు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. మన గుట్టల మీద సీతాఫలం చెట్లన్నా ఉంటాయి, వీటి మీద గడ్డిపోచ లేదు. అంతా కాలిన ఇటుక రంగు రాయి, దాని కింద ముదురాకుపచ్చ నీళ్లు. పడవ ఒక కొండను చుట్టి రాగానే ఇంకో కొండ అడ్డం నిలిచేది. ఇక దారి లేదనుకునేసరికి మధ్యలో సందు కనిపించేది. ఒకచోట డాల్ఫిన్లు ఎగిరితే పడవలో ఉన్న తెల్లదొరలూ దొరసానులూ ఫోన్లు పట్టుకుని అటు పరుగెత్తారు. నేనూ లేచాను. వాడు లేవలేదు.

"ఇన్ని పైసలు పెట్టి డబ్బకు కావలి కూసోనీకి వచ్చినవారా? ఆకలైతే తిను, ఎవలు వద్దన్నరు?" అన్నాను.

"నాకు గాదక్కా," అన్నాడు. "బాపుకు."

లేచినదాన్ని వాడి పక్కన కూర్చున్నాను.

నాయన్ని మేం బాపు అనే పిలిచేవాళ్లం. ఆయన పోయి మూడేళ్లు దాటింది. అప్పుడు వీడికి సెలవు దొరకలేదు. మానేరు ఒడ్డున పిట్టకు పెట్టినప్పుడు ఫోన్‌లోనే చూశాడు. ఆ ఫోన్ పట్టుకుని నిలబడింది నేనే. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకు ఇస్తారిలో వడ్డించి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. బాపుకు అన్నం, కోడికూర, ఉడికించిన శనగ గుడాలు, ఒక బీడీ పెట్టాం. కాకులు చెట్టు మీద కూర్చుని చూశాయే గాని ఒక్కటీ దిగలేదు. "ఇంటికి స్లాబ్ ఏస్తమే" అని ఒకరు, "చిన్నోడు వస్తడే బాపూ" అని నేను, తలా ఒక మాట ఇచ్చాం. ఎండ నెత్తికెక్కేదాకా చూసి, చివరికి కూర తగలని అన్నం ఆవుకు పెట్టి లేచాం. ఫోన్‌లో తమ్ముడి ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత సెలవులు దొరికినా వాడు ఇంటికి రాలేదు. పెళ్లాం ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. బిడ్డ ఫోన్‌లో మాట్లాడటం మానేసింది. నేను తిట్టని తిట్టు లేదు. ఎందుకు రాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పడవలో చెప్పాడు.

"బాపు ఒకపారి ఫోన్ల సముద్రం సూసి, మన డ్యాం కన్న పెద్దగుంటదారా అనడిగిండు. నన్నొక్కసారి గా పడవ ఎక్కియ్యిరా అన్నడు. ఎక్కిస్త అని మాటిచ్చిన. ఆనాడు మీరు అన్నీ అన్నరు గాని గదొక్కటి ఎవ్వలు అనలే. నేనే ఫోన్ల అందామనుకున్న, గొంతు రాలే. ఇగ ఏం మొఖం పెట్టుకొని ఇంటికి రావాలె అక్కా? బాపు ఫోటో ముందల ఎట్ల నిలవడాలె?"

గింత మాట ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్నావురా అని కోప్పడబోయాను. అంతలో ఇస్తార్ల సంగతి గుర్తొచ్చింది. నేను బయల్దేరే ముందు వాడు ఫోన్ చేసి, మోదుగాకు ఇస్తార్లు తెమ్మన్నాడు. తొట్టెల కోసమేమో అనుకుని తెచ్చాను. ఎందుకో అప్పుడు తెలిసింది.

కొండల మధ్య ఒక మలుపులో పడవ ఆగింది. దొరలంతా కళ్లకు అద్దాలు తగిలించుకుని నీళ్లలోకి దూకారు. పడవ నడిపే అతనికి తమ్ముడు ముందే చెప్పినట్టున్నాడు, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు. తమ్ముడు పడవ ముందు భాగంలో ఇస్తారి పరిచి, అన్నం, కోడికూర, గుడాలు వడ్డించాడు. పక్కన ఒక బీడీ పెట్టాడు. చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"బాపూ, పడవ ఎక్కిచ్చిన. సూడు. డ్యాం కన్న పెద్దగనే ఉన్నది. జర తిను."

మేం వెనక్కి జరిగామో లేదో, తెల్లటి సముద్రపు పక్షులు గుంపుగా వచ్చి పడ్డాయి. చూస్తుండగానే ఇస్తారి తిరగబడింది. ఒక్క మెతుకు మిగల్లేదు. బీడీ మాత్రం చెక్క మీద అటూ ఇటూ దొర్లుతోంది.

"ముట్టింది అక్కా," అన్నాడు. నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "బాపే గదా? నిజం చెప్పు."

నా నోటి దురుసు ఊరంతా ఎరుగును. మనసులో ఉన్నది దాచుకోవడం నాకు చేతకాదు.

"బాపు గాక ఎవలురా? కోడికూర అంటే ఆగుతడా," అన్నాను.

"ఇగ దసరాకు వస్త," అన్నాడు.

కళ్లు తుడుచుకుని, డబ్బా కడగడానికి పడవ అంచున వంగాడు. ఈత ముగించి పైకెక్కిన ఒక దొరసాని వెనకాల కూర్చుని, రొట్టె ముక్క తుంచి గాల్లోకి విసిరింది. ఆ పక్షులే, అంతే ఆత్రంగా దాని మీద పడ్డాయి. ఆమె నవ్వుతూ ఇంకో ముక్క విసిరింది. ఆ అరుపులకు తమ్ముడు తల తిప్పబోయాడు. నేను చటుక్కున వెళ్లి వాడికి అడ్డం నిలబడ్డాను.

"అటు గాదు, ఇటు సూడు," అని ఎదుటి కొండను చూపించాను. "దసరాకు ఎన్నొద్దులుంటవో చెప్పు."

వాడు కొండకేసి చూస్తూ చెబుతున్నాడు. బిడ్డకు ఏం తేవాలో కూడా అడుగుతున్నాడు. బాపు తిన్నాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే వాడు ఇటు తిరుగుతాడని, నేనూ ఆ కొండనే చూస్తూ నిలబడ్డాను.