లారీ లేని చక్రం

ఆ అమ్మాయి చార్టు మీద వేసిన బొమ్మలు ఏడు. వరస కూడా గుర్తుంది: తల్లిచేప, సిమెంటు తొట్టి, గుడ్లు, గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో చేపపిల్లలు, లారీ, చెరువు, వల. బాణాలన్నీ ముందుకే. వల దగ్గర ఆగిపోయాయి.

నేను ఇంజనీరింగ్ చదివి కండ్లకోయలో ఉద్యోగం చేస్తూ, శనివారాలు శామీర్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతికి సైన్స్ చెప్పేవాణ్ణి. బడిలో ప్రదర్శన ఉందని జంతువుల జీవితచక్రాలు గీయించాను. కప్ప, కోడి, సీతాకోకచిలుక, చేప. ఆ అమ్మాయి వాళ్ల నాయిన చెరువులో చేపలు పడతాడు కాబట్టి చేపను తనకిచ్చాను.

"చక్రం అన్నాక మూసుకోవాలి," అన్నాను. తొట్టి, సంచి, లారీ, వల, నాలుగింటి మీదా ఇంటూ కొట్టాను. స్కేలు పెట్టి, చెరువులోంచి గుడ్లకు ఎర్ర పెన్నుతో బాణం గీశాను. ఇలాగే కొత్త చార్టు గీసుకు రమ్మన్నాను.

"సార్, మా చెర్ల రవ్వచేప గుడ్లు పెట్టది."

"ప్రతి చేపా పెడుతుందమ్మా."

"కడుపుల ఉంటయ్ సార్, గానీ పెట్టది. పిల్లలు లారీల వస్తయ్. నేను జూసిన."

వెనక బెంచీలోంచి ఒకడు అందుకున్నాడు: "సార్, గీమె చేపలు లారీకి పుట్టినయంట!"

"హారన్ గొడ్తె గుడ్డు పెడ్తదేమో రా!" అన్నాడు పక్కవాడు.

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. బాణం తెలియక గీశాను. నవ్వింది మాత్రం తెలిసే. నా మీద నాకు ఇప్పటికీ కోపం ఆ నవ్వుకే.

మర్నాడు చెరువు కట్టకు వెళ్లాను. తెలుసుకోవడానికి కాదు, నా మాటే నిజమని వాళ్ల నాయిన నోట చెప్పించి వీడియో తీసుకోవడానికి. అతను వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి విని చేతిలో పని ఆపలేదు.

"రవ్వకు, బొచ్చెకు పారే నీళ్లు గావాలె సారూ. వానకాలం ఏటికి ఎదురెక్కి పెడ్తయ్. గీడ నిలవ నీళ్లు. గుడ్డు కడుపులనే కరిగిపోతది. గందుకే సిమెంటు తొట్లల్ల పుట్టిచ్చిన పిల్లల్ని లారీల తెచ్చి ఇడుస్తం. కొర్రమట్ట అయితె గీ గడ్డిలనే పెడ్తది, పిల్లల్ని కాస్తది గూడ."

సంచి విప్పే ముందు కాసేపు చెరువులో తేలనిస్తారట, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి వచ్చేదాకా. ఆ సూత్రం మీద నేను పరీక్ష రాసి పాసయ్యాను. ఆ సంచి పట్టుకుని నీళ్లలో నిలబడేది మాత్రం ఆ ఐదో తరగతి పిల్లేనట.

"మా బిడ్డ బళ్లె గిది జెప్పలేదా సారూ?" అన్నాడు.

"చెప్పింది," అన్నాను.

వీడియో తీయలేదు. సోమవారం ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఫోన్ చేసి, పాత చార్టే పెట్టాలన్నాను.

"పుస్తకంల లారీ ఉన్నదా సార్? పేరెంట్స్ వచ్చి నవ్వుతరు."

"మన చెరువు సంగతి పుస్తకంలో లేదు మేడమ్."

"దిద్దింది మీరే గదా?" అని పెట్టేసింది.

ప్రదర్శన రోజు వెళ్లేసరికి గోడకు కొత్త చార్టు. చక్కగా గుండ్రంగా, బొమ్మలు మూడే, నేను గీసిన చోటే ఎర్ర బాణం. ఒళ్లు మండింది.

"నీ పాత చార్టు ఏది? అదే కరెక్టు. తప్పు నాది. అదే పెడదాం," అన్నాను ఆ అమ్మాయితో.

"వద్దు సార్."

"ఎందుకు?"

"గిది బట్టీ వచ్చేసింది ఇగ. గది పెడితె మల్ల నవ్వుతరు."

అంతలో వాళ్ల నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చార్టు ముందు నిలబడ్డాడు. ఆ అమ్మాయి అతని మొహం చూడకుండా, నేల చూస్తూ, ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులో అప్పజెప్పింది. "చేప చెరువులో గుడ్లు పెడుతుంది. గుడ్ల నుండి పిల్లలు వస్తాయి. అవి పెరిగి పెద్దవై మరల గుడ్లు పెడతాయి."

అతను చివరిదాకా విన్నాడు. "మస్తు జెప్పినవ్ బిడ్డా," అన్నాడు. తర్వాత ఎర్ర బాణం మీద వేలు పెట్టి నావైపు తిరిగాడు.

"గిది ఎవలు గీసిన్రు సారూ?"

"నేనే. తప్పు గీశాను," అన్నాను, మేడమ్‌కు కూడా వినపడేలా.

అప్పటికే అతని వెనక ఇంకెవరో పేరెంట్ వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. "చేప చెరువులో గుడ్లు పెడుతుంది."