కంబళిలో చెంబెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కంబళి అమ్మాలంటే ముందు అందులో నీళ్ళు పోసి చూడాలి. అది మా తాత పెట్టిన కట్టుబాటు. నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే నడిమధ్యన చెంబెడు నీళ్ళు పోసేవాళ్ళు. తాత నోట్లో బీడీ కాలి ఆరిపోయేదాకా కింద చుక్క పడకూడదు. పడిందా, ఆ కంబళి ఇక మా గడప దాటేది కాదు. గొర్రెల వెంట వానలో నిలబడేవాడికి అదే ఇల్లు అనేవాడు. మా ముదిగుబ్బ వైపు వాన పడేదెప్పుడు తాతా అని అడిగితే మాత్రం కోపం వచ్చేది ఆయనకు.

నీళ్ళు ఆగేది ఒక్క ఉన్ని వల్లే కాదు, చింతగింజల గంజి వల్ల కూడా. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, జిగురుగా కాచి, మగ్గానికి ఎక్కించే ముందు దారాలకు పట్టించాలి. నాకు పదేళ్ళు వచ్చిన ఏడు తాత ఆ పని నాకు అప్పజెప్పాడు. ఎంత మురిసిపోయానో!

ఆ ఏడు పంట లేదు. వేరుశనగ చేలోనే మాడిపోయింది. కదిరిలో వ్యాపారి కంబళికి తనకు తోచింది ఇచ్చేవాడు, ఇష్టముంటే అమ్ము లేకుంటే పో అన్నట్టు. మగ్గం విప్పేసి బెంగళూరుకు మట్టిపనికి పోదామని నాయన రోజూ పోరు పెట్టేవాడు. అట్లాంటప్పుడు ఆ బెంగళూరు నుంచే ఒకామె కబురు పంపింది. చేతిపనివాళ్ళకు న్యాయమైన ధర ఇచ్చి, వాళ్ళ సరుకే అమ్మే దుకాణం ఆమెది. ఒక కంబళి చూసి నచ్చితే ఏడాది పొడవునా మాతో నేయిస్తుందట. మగ్గం ఉండేదీ పోయేదీ ఆ ఒక్క కంబళి మీదే ఉంది.

నేనేం చేశానో వినండి. ఆ కంబళికని ఇచ్చిన చింతగింజలు వేయించకముందే తీసుకుపోయి పక్కింటి అక్కతో గుంటలాట ఆడాను. గెలిచినవాళ్ళకే గింజలని పందెం. నా పొగరు కాకపోతే ఆ అక్కతో పందెమా! సగం గింజలు ఊడ్చుకుపోయింది. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. గంజి చాలకపోయేసరికి సంగటికి ఉంచిన రాగిపిండి కలిపి కాచేశాను. నల్ల ఉన్నిలో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆమె వచ్చింది. కంబళి తడిమి చూసి, చాలా బాగుంది, ఇప్పుడే తీసుకుపోతానంది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో తాత నీళ్ళ చెంబు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఊరికే తీసుకుపోవద్దు తల్లీ. నువ్వే పోసి చూడు."

"ఆయమ్మ అడగనే ల్యా గదా నాయనా! నీకెందుకీ పీకులాట?" అని మా నాయన పళ్ళు నూరాడు.

తాత వింటేగా! తాత, అవ్వ, నాయన, నేను తలా ఒక మూల పట్టుకున్నాం. తాత నోట్లో బీడీ వెలుగుతోంది. ఆమె నీళ్ళు పోసింది. నా మూల కాస్త కిందికి జారేసరికి నీళ్ళు ఊగాయి. గట్టిగా పట్టుకోమే అని అవ్వ గదిమింది. బీడీ సగం కూడా కాలలేదు, కంబళి అడుగున ఒక చుక్క ఉబ్బింది. పడొద్దు, పడొద్దు అని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. పడింది. వెంటనే ఇంకోటి.

నాయన తన మూల వదిలేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తాత తడిసినచోట వేలితో రాసి వాసన చూశాడు. రాగుల వాసన తెలియని మనిషా ఆయన! తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు.

"గంజి కాచింది నేనే తల్లీ," అన్నాడు ఆమెతో. "కండ్లు సరిగా కనపడల్యా. తప్పు నాదే. ఇది నీకియ్యను."

తాత అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. ఆయన గొంతు వణికింది. తిట్టినా, రెండు వేసినా ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ వణుకు వింటూ ఊరుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

"తాత కాదు, నేను! గింజలు ఆటలో పోగొట్టుకొని రాగిపిండి కలిపినా!" అని అరిచేశాను.

నాయన చెయ్యెత్తుకుని వచ్చాడు. తాత అడ్డం నిలబడ్డాడు. ఆమె ఖాళీ చెంబు కింద పెట్టింది. ఇంకోటి నేసి ఉంచండి, నెలకు వస్తాను, అప్పుడూ నీళ్ళు నేనే పోస్తాను అంది. నవ్వను కూడా నవ్వలేదు.

మర్నాడు తాత కొత్త గింజల మూట తెచ్చి మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టాడు. నాయన వద్దన్నా వినలేదు. నెలకు ఆమె వచ్చి పోసిన నీళ్ళు బీడీ ఆరిపోయినా అట్లాగే నిలిచాయి. మా మగ్గం ఆగలేదు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడింది. నోరెక్కువని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. పోయిన వారం ఒక కంబళి అంచు నేను వంకరగా కుడితే, కొనేవాళ్ళ ముందు మా మనవరాలు అది తన పనేనని చెప్పబోయింది. ఒళ్ళు మండి, నలుగురిలో నాదేనని చెప్పాను. నీ పరువు కాపాడదామనుకున్నా కదవ్వా అని మొహం చిన్నబుచ్చుకుంది పాపం. దానికేం తెలుసు? ఒక మంచి మనిషి నా కోసం అబద్ధమాడటం ఒకసారి విన్నాను. ఇంకోసారి వినలేను.