సగమే వినపడిన మాటలు

అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. రెండేళ్లు వరసగా వాన లేక వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టకుండానే ఎండిపోతే, మా ఊళ్లో ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు పాస్‌పోర్టులు తీసుకున్నారు. అందులో అమ్మ ఒకతె.

ఆమె పోయిన నాలుగు నెలలకు నాయన సెల్‌ఫోను కొన్నాడు. మాది ముదిగుబ్బ దగ్గర గుట్ట కింద ఊరు. టవరేమో గుట్టకు అవతల. ఇంట్లో ఫోను తెర మీద ఒక్క గీత కూడా నిలిచేది కాదు. మిద్దె మెట్ల మీద, పైనుంచి మూడో మెట్టు దగ్గర మాత్రం ఒకటి వచ్చి పోయేది. కువైట్ ఇంటివాళ్లు అమ్మ చేతికి శుక్రవారం మధ్యాహ్నమే ఫోను ఇచ్చేవాళ్లు. ఆ పూట బడి ఎగ్గొట్టి, నాయన పక్కన ఆ మెట్టు మీద ఎండలో కూర్చునేదాన్ని.

ఎవరో చెప్పారని నాయన ఫోనుకు రాగితీగ చుట్టాడు. ఇంకెవరో చెప్పారని స్టీలు తట్టలో పెట్టి చూశాడు. ఏం చేసినా అమ్మ గొంతు ముక్కలుగానే వచ్చేది. ఒక శుక్రవారం "కడుపు... రోజూ..." అని తెగిపోయింది.

"అమ్మ ఏమంటాండాది నాయనా?"

"రోజూ కడుపు నిండా తింటాండాదంట" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. పరుగున పోయి పక్కింటి అవ్వకు అదే చెప్పి వచ్చాను.

మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి నాయన ముదిగుబ్బ నుంచి టీవీలు బాగుచేసే ఆయనను పిలుచుకొచ్చాడు. ఆయన మిద్దె మీద ఇనుప పైపు నిలబెట్టి చిన్న యాంటెన్నా బిగించాడు. దాని వైరును కిటికీలోంచి లోపలికి దించి, ఫోను వెనక ఉండే చిన్న రంధ్రానికి తగిలించాడు. ఆయన పైన పైపు తిప్పుతుంటే నేను కింద గీతలు లెక్కపెట్టాను.

"వచ్చినాయన్నా, నాలుగొచ్చినాయి! ఆడనే ఉంచు!"

ఆ శుక్రవారం మొదటిసారి ఇంట్లో కూర్చుని మాట్లాడాం. అమ్మ పక్కనే ఉన్నట్టు ఊపిరి కూడా వినపడింది.

"ఇప్పుడు బాగా వినపడతాండాది, చెప్పు" అన్నాడు నాయన.

అవతల అమ్మ ఏడ్చింది. "కడుపులో నొప్పి తట్టుకోలేకుండా ఉండా. రోజూ వాంతులే. నన్ను పిలిపించుకోండని మూడు నెలల నుంచి చెప్తానే ఉండా కదా. మీకు వినపల్లేదా?"

నాయన ఫోను నా చేతిలో పెట్టి గోడకు ఒరిగిపోయాడు.

అమ్మను పంపించిన కదిరి ఏజెంటు చుట్టూ తిరిగి తిరిగి, ఆమెను రప్పించేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. బస్సు దిగిన మనిషిని నేను ముందు గుర్తుపట్టలేదు. అనంతపురంలో డాక్టర్లు కడుపు కోసి చూసి, జబ్బు ముదిరిపోయిందని ఏమీ చేయకుండానే కుట్లు వేసి పంపించారు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పింటే వినపడేదేమో కదే" అన్నాడు నాయన ఒకరోజు, తలకాయ వంచుకుని.

"ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. మాట్లాడితే ఫోను లాక్కుంటారు." అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వేం చేస్తావులే. ఊరుకో."

ముప్పై ఆరు రోజులు మాతో ఉంది. ఒక పొద్దున నేను జడ వేసుకుంటుంటే చూస్తూ చూస్తూ పోయింది. మొదట నాకు తెలియనే లేదు. రిబ్బను ముడి వేసి, "బాగుండాదా?" అని అటు తిరిగాను.

ఆ తర్వాత శుక్రవారాల్లో, కువైట్ పోయిన వేరే ఆడవాళ్ల ఇంటివాళ్లు మాట్లాడటానికి మా ఇంటికి వచ్చేవాళ్లు. నాయన ఎవరినీ కాదనలేదు. ఫోను చేతికిచ్చి, ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేవాడు: "సరిగా వినపడకపోతే మళ్లీ అడుగప్పా. తెలిసిందని మాత్రం అనుకోవద్దు."