ఓడ బొమ్మకి తూకం లేదన్నాను

రాజమండ్రి మ్యూజియంలో అద్దం వెనక ఓడ బొమ్మ ఉన్న పాత సీసపు నాణేన్ని చూడగానే నూకరత్నం గుర్తొచ్చింది. జాలర్ల పిల్ల, నా చిన్ననాటి నేస్తం. ఇసకలో దొరికిన అలాంటి బిళ్ళనే వాళ్ళ నాన్న వలకి బరువుగా కట్టుకుంటే, విప్పి మా కిరాణా కొట్టుకి తెచ్చింది.

"నాలుగు జీళ్ళివ్వవే."

తక్కెట్లో వేసి పెదవి విరిచాను. "సీసమేగా! ఒకటిస్తా."

"ఈ ఓడ ఎక్కడికెళ్ళేదంటావే?"

"ఎక్కడికెళ్తే నాకేంటే? ఓడ బొమ్మకి తూకం లేదు."

బిళ్ళ లాక్కుని మెట్లు దిగిపోయింది. దిగిపోయిన బేరం సాయంత్రానికి తిరిగొస్తుందని మా కొట్లవాళ్ళ నమ్మకం, అందుకే పిలవలేదు. మూడోరోజు నాలుగు జీళ్ళూ పొట్లం కట్టుకుని రేవుకి వెళ్తే, వాళ్ళు యానాం వైపు వలస పోయారన్నారు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా కొట్లో బేరం కుదరక ఎవరైనా వెనుదిరిగితే, "రండమ్మా, మీరన్నంతే ఇవ్వండి" అని గాభరాగా నేనే పిలిచేస్తాను.