అయిపోయిన ఆటకి మొక్కు

ఆ రోజుల్లో సంగతులు జరిగినప్పుడు కాదే తల్లీ, మనకి తెలిసినప్పుడు జరిగేవి. ఊళ్ళో పిల్ల పుట్టిందని ఉత్తరం వచ్చి, ఇక్కడ బహ్రెయిన్‌లో మేం మిఠాయి పంచేసరికి, అక్కడ ఆ పిల్ల బోర్లా పడుతూ ఉండేది. అయినా మా సంతోషం వేడివేడిగానే ఉండేది. రాసుకున్నావా?

అప్పుడు ఇక్కడే హూరా పేటలో ఉండేవాళ్ళం. మా పైవాటాలో ఒక బ్రెజిలమ్మ. వాళ్ళాయన ఇక్కడి కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ నేర్పేవాడు. కొట్లలో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలు, రెండు అరబ్బీ ముక్కలతో మేమిద్దరం గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం. (మీ తాతయ్యతో కూడా అంత మాట్లాడలేదు. ఇది రాయకు.) వాళ్ళ దేశంలో ఏటా రాష్ట్రానికో పోటీ జరుగుతుందట. ఆవిడ తమ్ముడు ఓ చిన్న జట్టుకి గోలీ, అంటే గోల్ దగ్గర ఒక్కడే నిలబడి బంతి ఆపేవాడు. ఆ ఏడు జట్టు అట్టడుగున ఉంది. కింది తరగతికి దింపేస్తే "భాయ్ ఖలాస్" అనేది, మెడ మీద చెయ్యి అడ్డంగా లాగుతూ. అంటే పిల్లాడు ఆట మానేసి మామగారి టైర్ల కొట్లో కూర్చోవాలన్నమాట.

ఆటల క్యాసెట్లు ఎవరో ఒకరి పెట్టెలో నెల ఆలస్యంగా వచ్చేవి. ఎవరు గెలిచారో ముందే చెప్తే మళ్ళీ మాట్లాడనని ఆవిడ పుట్టింటివాళ్ళని బెదిరించింది. శుక్రవారం మధ్యాహ్నం నేను పకోడీలు పట్టుకుని పైకి వెళ్ళేదాన్ని, పకోడీల వెనకాల మీ తాతయ్య. ఆ క్యాసెట్లకి ఇక్కడి వీసీఆర్‌లో రంగులు వచ్చేవి కావు. ఎవరు ఏ జట్టో నాకేం తెలుస్తుంది? ఒంటరిగా నిలబడ్డవాడు తమ్ముడు, అంతే.

ఆఖరి ఆట. ఓడకుండా ఉంటే చాలు, గట్టెక్కినట్టే. ఇక అయిపోతుందనగా అవతలివాళ్ళకి పెనాల్టీ! బ్రెజిలమ్మ కళ్ళు మూసేసుకుంది. నేను లేచి చేతులు జోడించాను.

"ఏడుకొండలవాడా! ఈ పిల్లాడు బంతి ఆపితే మా ఆయన తలనీలాలిస్తాను!"

మీ తాతయ్య నోట్లో పకోడీ నోట్లోనే ఉండిపోయింది. (అప్పట్లో ఆయన ఉంగరాల జుట్టు చూడాలి! దువ్వెన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.)

"నా తలా? నీ జడకేమైందే?"

"జడ లేకపోతే పూలెక్కడ పెట్టుకోనండీ?"

"అయినా ఆ ఆట అయిపోయి నెలైంది! ఇప్పుడు మొక్కేంటి?"

"మనకింకా అవలేదుగా, ఊరుకోండి!"

తమ్ముడు పక్కకి దూకి బంతిని గుద్దేశాడు. బ్రెజిలమ్మ నన్ను ఎత్తి గిరగిరా తిప్పేసింది. మెట్లు దిగుతూ మీ తాతయ్యది ఒకటే వాదన, "నెల కిందట దేవుడికి నీ మొక్కు సంగతి తెలీదు కదే!" అని.

"ఆయనకి ముందే తెలుసు. మీకే ఆలస్యంగా తెలిసింది."

సెలవుల్లో తిరుపతి వెళ్ళి గుండు చేయించుకున్నారు పాపం. తిరిగొచ్చాక బ్రెజిలమ్మ ఆ గుండుని ఫోటో తీసి తమ్ముడికి పంపింది. ప్రతి ఆటకి ముందు ఆ ఫోటోని ఓసారి నిమిరి దిగేవాడట!

వాళ్ళు వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు ఈ ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో ఇంట్లో, ఎక్కడ గోల్ పడినా మీ తాతయ్య ఫోన్ ఆ క్షణమే టింగుమంటుంది. ఏ మొక్కూ లేకుండానే నెత్తి మీదకి ఆ గుండు మళ్ళీ వచ్చేసింది. ఆయన ఆట చూస్తున్నప్పుడు అటుగా వెళ్తూ ఓసారి నిమురుతాను.

"ఏంటే?"

"ఏం లేదు. గెలవాలని."

"ఎవరు?"

"ఆ ఒంటరిగా నిలబడ్డవాడు లెండి."