రాజమ్మ చేతికి లేవని ముల్లు

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం ఉందేమో చూడమనేవాణ్ణి. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. జరిగింది చెప్తాను, అంతే.

ఎనభైల మొదట్లో హోసూరులో ఒక చిన్న కంపెనీలో టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. ఉపగ్రహంలో కూర్చుని పైనుంచి భూమిని చూసే రిసీవర్లు తయారుచేసేవాళ్ళం. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి సన్నటి తరంగాలు వదులుతుంది. అవి మిల్లీమీటర్లలో కొలిచేంత పొట్టివి. వాటిని పట్టుకుని గాలిలో ఆవిరెంత, మబ్బులో నీళ్ళెంత అని లెక్క కడతారు. విదేశాల్లో ఇలాంటి రిసీవర్లను గడ్డకట్టే చలిలో ఉంచి నడిపేవారట. మాకంత భోగం ఎక్కడిది? మావి మామూలు గది వేడిలోనే పనిచేయాలి.

పరీక్ష తేలిక. రిసీవరును మేడ మీద పెట్టి, గరాటు లాంటి దాని మూతిని ఆకాశం వైపు తిప్పుతాం. ఖాళీ ఆకాశం చల్లన కాబట్టి మీటరు ముల్లు అడుక్కి పడిపోతుంది. మూతికి అడ్డంగా చెయ్యి పెడితే ఆ వెచ్చదనానికి లేస్తుంది.

ఆయుధ పూజ రోజు ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చేవారు. మిషన్లకు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులు పంచాక అందరూ మేడెక్కేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ వరసగా చెయ్యి అడ్డం పెట్టి ముల్లు లేపడం మా దగ్గర ఒక సరదా. ఆ ఏడు మా ఆవిడ రాజమ్మ కూడా పక్కనే ఉన్న బాగలూరు నుంచి వచ్చింది. మా అక్క కూతురే. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

ఆమె చెయ్యి పెట్టింది. ముల్లు లేవలేదు.

రెండు చేతులూ పెట్టింది, మొహం పెట్టింది. అక్కడ ఎవరూ లేనట్టు, ఆమె వెనకున్న ఆకాశమే కనిపిస్తున్నట్టు, ముల్లు అడుగునే పడి ఉంది. అందరూ గొల్లున నవ్వారు.

"ఏం మామా, నీ మిషను కండ్లకు నేను ఆనలేదా?" అంది రాజమ్మ.

"కేబుల్ లూజుగా ఉండాదేమో చూడప్పా," అన్నాడు నాతో పనిచేసే మునిరాజు. చూశాను, గట్టిగానే ఉంది. అతను చెయ్యి పెడితే లేచింది. నేను పెడితే లేచింది. మళ్ళీ రాజమ్మ పెడితే లేవలేదు. ఇంకో రిసీవరు తెచ్చి బిగించాం, అదీ అంతే. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే భయం, ఈ మనిషి నాకు దక్కదని. కృష్ణగిరిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా మిషనుకు మా ఆవిడ కనబడటం లేదంటే ఆయన నన్నే పడుకోబెట్టి పరీక్ష చేస్తాడు. అందుకని నీరసమని అబద్ధమాడాను. అన్నీ చూసి భేషుగ్గా ఉందన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే రాజమ్మ అంది, "నాకేమీ కాలేదు మామా. నువ్వు చూసే చూపుకే నాకు బయమైతాంది. ఇంక ఆ మిషను మాట ఎత్తొద్దు."

ఎత్తలేదు. కానీ అన్నం వడ్డిస్తుంటే నా కళ్ళు ఆమె చేతి మీదే ఉండేవి. అది గమనించి చెయ్యి కొంగులో దాచుకునేది.

చలికాలం వెళ్ళకముందే జ్వరం వచ్చింది. వింత జ్వరమేమీ కాదు, ఊళ్ళో చాలామందికి వచ్చి తగ్గిందే. సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు. నేను పక్కనే కూర్చున్నాను కానీ నాలో ఆశ ఆ మేడ మీదే చచ్చిపోయింది. ఒక మధ్యాహ్నం కృష్ణగిరి ఆసుపత్రిలో రాజమ్మ పోయింది.

ఆ రోజు ముల్లు లేవకపోవడానికి చెమట అనీ, పట్టుచీర జరీ అనీ ఇంజనీర్లు తర్వాత ఏవేవో కారణాలు చెప్పారు. విన్నాను. అవేవీ నిలవవని వాళ్ళకూ తెలుసు.

రాజమ్మ పోయిన ఆ మధ్యాహ్నం మా అక్క తన కూతురి చెయ్యి వదల్లేదు. "ఇంకా ఎచ్చగానే ఉండాది కదరా. పో, డాక్టర్ని పిల్చుకోని రా," అంది. నేను వరండాలోకి వెళ్ళి, ఎవరినీ పిలవకుండా నిలబడ్డాను.

వెచ్చగా ఉంటే మనిషి ఉన్నట్టేనని అక్క నమ్మకం. నాకు కూడు పెట్టిన లెక్క కూడా అదే. అది ఒక్క రాజమ్మ దగ్గరే ఎందుకు తప్పిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.